రీకాల్ చేసిన ఛార్జర్‌నే మావారు వాడుతున్నారు... ఏం చేయను?

ఈ ఉత్తరం విజయవాడ పటమట నుంచి వచ్చింది. రాసినావిడ పేరు వేయవద్దన్నారు. వయసు నలభై ఒకటి. ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో భర్త, ఇద్దరు పిల్లలు, అత్తగారితో ఉంటున్నారు. భర్తకు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. సీజన్లో తెల్లవారకముందే బయల్దేరాలి. రానూ పోనూ రోజుకు ఎనభై కిలోమీటర్ల దాకా అవుతుంది. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక ఏడాది కిందట సెకండ్‌హ్యాండ్‌లో ఎలక్ట్రిక్ కారు కొన్నారు.

ఆ కారుతో గోడకు బిగించే ఛార్జర్ రాలేదు. అది ఆవిడ ఆడపడుచు భర్త ఇచ్చింది. ఆయనకూ అదే కంపెనీ కారు ఉండేది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో ఆయన ఉంటున్న ఇంట్లోకి నీళ్లొచ్చి కారు మునిగిపోయింది. కారును ఇన్సూరెన్స్ వాళ్లు తీసుకెళ్లారు, ఛార్జర్ గోడకే ఉండిపోయింది. తర్వాత హైదరాబాద్ వెళ్లిపోతూ ఆయన దాన్ని ఊడదీయించి, ఎండలో ఆరబెట్టి, "కొత్తది కొంటే బోలెడు డబ్బు, ఎందుకు దండగ" అంటూ బావమరిది చేతిలో పెట్టారు. ఇక్కడ స్టిల్ట్ పార్కింగ్‌లో, వాచ్‌మన్ గది గోడకు ఇవతలి వైపు, లోకల్ ఎలక్ట్రీషియన్ దాన్ని బిగించాడు. అసోసియేషన్ సులువుగా ఒప్పుకోలేదు. ఒక ఆదివారం పూటంతా మీటింగులో వాదులాడాక, "ఏ ప్రమాదం జరిగినా బాధ్యత నాదే" అని భర్త చేత సంతకం పెట్టించుకుని అనుమతి ఇచ్చారు.

మూడు వారాల కిందట కంపెనీ నుంచి రీకాల్ మెసేజ్ వచ్చింది. మొదట కొన్నది ఆడపడుచు భర్త కాబట్టి ఆయన నంబరుకే వచ్చింది. ఆయన దాన్ని ఈవిడ భర్తకు ఫార్వర్డ్ చేసి ఊరుకున్నారు. పిల్లల ఫీజు రసీదు కోసం భర్త ఫోన్ చూస్తుంటే ఈవిడ కంటపడింది. ఆ బ్యాచ్ ఛార్జర్లలో లోపల కేబుల్ బిగించే చోట అతిగా వేడెక్కే అవకాశం ఉందని, టెక్నీషియన్ వచ్చి మార్చేదాకా వాడవద్దని దాని సారాంశం. అడిగితే భర్త, "అవన్నీ కంపెనీలు తమ జాగ్రత్త కోసం పంపే కాగితాలు. ఏడాది నుంచి వాడుతున్నాం, ఒక్కసారి కూడా ట్రిప్ అవ్వలేదు. ఇది బయటికి పొక్కిందంటే అసోసియేషన్ వాళ్లు ఛార్జింగే ఆపించేస్తారు, నోరు మెదపకు" అన్నారు. ఆవిడకు నిద్ర పట్టలేదు. ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా కిందికెళ్లి ఛార్జర్‌కు కరెంటు ఆపే బ్రేకర్ స్విచ్ (ఎంసీబీ) దించేశారు. తెల్లారి చూస్తే కారులో 14 శాతమే ఉంది. భర్త యార్డుకు వెళ్లలేక ఆ రోజు వేలం చేజారింది. పది రోజులుగా ఇంట్లో మాటల్లేవు. అత్తగారేమో, "అల్లుడు ప్రేమగా ఇచ్చిన వస్తువుకి వంక పెడతావా" అంటున్నారు.

ఉత్తరం చివర్లో ఒక సంగతి ఉంది. వాచ్‌మన్ భార్య ఈ మధ్య ఈవిడతో, "మన అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదకొండింటికి చేపలు వండేదెవరమ్మా? మా గదిలోకి ఒకటే నీచు వాసన" అందట.

నేను గోరంతను కొండంత చేస్తున్నానా? అసోసియేషన్‌కు చెప్పాలా, వద్దా? ఇచ్చిన మనిషి నొచ్చుకోకుండా ఆయనతో ఎలా మాట్లాడాలి? ఈ పాఠకురాలు అడిగినవి ఇవీ.

* * *

అమ్మా,

మీ ఉత్తరం అందిన సాయంత్రమే ఫోన్ చేసి మీకు ఒక్క మాట చెప్పాను. ఆ ఛార్జర్‌కు వెళ్లే ఎంసీబీ దించేయండి, ఈసారి మాత్రం మీవారికి చెప్పి దించండి అన్నాను. దించేశామని మర్నాడు మీరు కబురు పంపాక నా మనసు కుదుటపడింది. ఆ ఒక్క విషయంలో నేను రెండు దారులు చూపించలేకపోయాను. మిగతా వాటిలో దారులున్నాయి. వాటి గురించి ఇప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం.

నన్ను భయపెట్టింది రీకాల్ మెసేజ్ కాదమ్మా, ఆ నీచు వాసన. సాకెట్లు, టెర్మినళ్లు, బ్రేకర్ల చుట్టూ వాడే కొన్ని రకాల ప్లాస్టిక్ అతిగా వేడెక్కితే అచ్చం చేపల వాసన వస్తుంది. అనుభవం ఉన్న కరెంటు పనివాళ్లను అడగండి, వెంటనే చెబుతారు. చాలాసార్లు పొగ కనిపించక ముందే ఈ వాసన వస్తుంది. మీ కారు ఛార్జింగ్‌లో ఉండేది ఆ వేళకే. ఆ గోడకు అవతల పడుకునేది వాచ్‌మన్ భార్యే. రీకాల్ మెసేజ్ గురించి ఆమెకెవరూ చెప్పలేదు. అయినా ఆ అపార్ట్‌మెంట్‌లో అందరికన్నా ముందు ప్రమాదాన్ని పసిగట్టింది ఆమే. మీరు గోరంతను కొండంత చేయడం లేదు.

ఇక మీవారి వాదన. "ఒక్కసారి కూడా ట్రిప్ అవ్వలేదు" అన్న మాట వినడానికి చాలా గట్టిగా ఉంటుంది, అందుకే దాన్ని విడమర్చి చెప్పాలి. నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. ఎంసీబీ చూసేది ఒక్కటే: లైన్లో పరిమితికి మించి కరెంటు పోతోందా అని. ఆర్‌సీసీబీ చూసేది ఇంకొకటి: వెళ్లిన కరెంటు అంతా తిరిగొచ్చిందా, మధ్యలో ఎక్కడైనా లీకవుతోందా అని. స్క్రూ వదులై కేబుల్ సరిగ్గా ఆనని చోట ఈ రెండూ జరగవు. కరెంటు పెరగదు, లీకూ ఉండదు. ఆ చిన్న అతుకు మాత్రం వేడెక్కుతూ ఉంటుంది.

ఎంత వేడి? మీది 7.2 కిలోవాట్ల ఛార్జర్ అని రాశారు. అంటే సుమారు 31 ఆంపియర్లు. వదులైన అతుకు దగ్గర నిరోధం కేవలం 0.03 ఓమ్‌లు ఉందనుకోండి. కరెంటును కరెంటుతో గుణించి, దాన్ని నిరోధంతో గుణిస్తే దాదాపు 29 వాట్లు వస్తుంది. రిపేరు షాపుల్లో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది ఉంటుంది. అగ్గిపెట్టెలో పట్టేంత చోట, మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో, గంటల తరబడి ఒక సోల్డరింగ్ ఐరన్ ఆన్ చేసి పెట్టినట్టు. గీజరు కూడా బాగానే కరెంటు లాగుతుంది, కానీ పావుగంటలో ఆగిపోతుంది. కారు అలా కాదు, బ్యాటరీ నిండేదాకా లాగుతూనే ఉంటుంది. పైగా మన ఊళ్లో రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండాకాలం సెగకు ఈ వేడి తోడవుతుంది.

"కంపెనీలు తమ జాగ్రత్త కోసం పంపే కాగితాలు" అన్నది రెండో మాట. కంపెనీ తన జాగ్రత్త చూసుకుంటుంది, నిజమే. అంతమాత్రాన లోపం లేదని కాదు కదా. 2013 నవంబరులో కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో ఒక ఇంటి గ్యారేజీలో టెస్లా కారు ఛార్జింగ్‌లో ఉండగా గోడ సాకెట్ దగ్గర మంటలు వచ్చాయి. తప్పు మీదంటే మీదని కొన్నాళ్లు వాదన నడిచింది. చివరికి 2014 జనవరిలో 29,222 కార్లకు సంబంధించిన ప్లగ్ అడాప్టర్లను, వేడెక్కితే దానంతట అదే ఆగిపోయే ఫ్యూజు ఉన్న కొత్త రకంతో మార్చారు. 2018లో ఫోర్డ్ కంపెనీ ఉత్తర అమెరికాలో సుమారు 50 వేల కార్లతో ఇచ్చిన ఛార్జింగ్ కేబుళ్లను వెనక్కి పిలిచింది. విడిగా లైను వేయని సాకెట్లలో, అరిగిపోయిన సాకెట్లలో పెట్టి వాడుతుంటే వేడెక్కి మంటలు వచ్చే ప్రమాదం ఉందన్నది కారణం. కొత్త కేబుళ్ల ప్లగ్‌లో వేడిని పసిగట్టే సెన్సర్ పెట్టారు. ఈ రెండింటిలోనూ ఒక సంగతి చూడండి. తప్పు వస్తువుదా, దాన్ని బిగించిన సాకెట్‌దా అని తేల్చుకోవడం ఎప్పుడూ కష్టమే. మీ ఇంట్లోనూ ఆ రెండూ కలిసి ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో మన సూర్యారావుపేటలో, రాత్రి పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయారు. మీ ఉత్తరంలో ఆ సంగతి గుర్తు చేసుకుని వణికిపోయానని రాశారు. ఆ బాధ నాకూ ఉంది. కానీ అక్కడ పేలింది బ్యాటరీ, ఇక్కడ అనుమానం గోడ మీది డబ్బా మీద. రెండూ ఒకటి కావు. మీవారితో మాట్లాడేటప్పుడు ఆ రెండూ కలపకండి. కలిపితే ఆయన "అది స్కూటరు, ఇది కారు" అని ఆ ఒక్క ముక్క పట్టుకుని మిగతాదంతా కొట్టిపారేస్తారు.

ఇప్పుడు బుడమేరు సంగతి. మీరు దాన్ని కథలో భాగంగా చెప్పి దాటేశారు. నాకు మాత్రం రీకాల్ కంటే అదే పెద్దదిగా కనిపిస్తోంది. నీళ్లు ఛార్జర్ దాకా వచ్చాయో లేదో తెలియదంటున్నారు. కానీ అదే ఉత్తరంలో, కారుకు గుచ్చే గన్ లోపల పిన్నుల మధ్య ఎండిన బురద ఉంటే మీరే పాత టూత్‌బ్రష్‌తో దులిపారని, వెనకాల సీరియల్ నంబరు స్టిక్కర్ ఉబ్బిపోయి చివరి అంకెలు చెరిగిపోయాయని రాశారు. ఎండలో ఆరబెడితే నీళ్లు పోతాయి. బురదలోని ఉప్పు, మట్టి పోవు. అవి రాగిని, టెర్మినళ్లను లోలోపల తినేస్తాయి. అతుకు దగ్గర నిరోధం పెరిగేది అలాగే. అంతకన్నా ముఖ్యం, ఆ డబ్బాలో కరెంటును కట్ చేసే రిలే, ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూసే సర్క్యూట్ ఉంటాయి. నీటిలో నానిన తర్వాత ఛార్జింగ్ అవుతోందంటే కరెంటు పోతోందని మాత్రమే అర్థం. ఆపాల్సినప్పుడు అది ఆగుతుందా అన్నది దాంతో తేలదు. కాబట్టి రీకాల్ మెసేజ్ రాకపోయినా ఆ ఛార్జర్ వాడదగింది కాదు. సీరియల్ నంబరు రీకాల్ జాబితాలో లేదని తేలినా సరే, ఇదే మాట.

అయితే అమ్మా, ఈ విషయం మీ ఇంటి గొడవను తేలిక చేస్తుంది కూడా. ఇప్పటిదాకా మీ ఇంట్లో నడుస్తున్న వాదన "అన్నయ్యగారు ఇచ్చింది మంచిదా చెడ్డదా" అన్న చోట ఇరుక్కుంది. వరదలో మునిగింది మంచి వస్తువైనా చెడిపోతుంది కదా. దాంట్లో ఆయన తప్పేముంది? సింగ్‌నగర్‌లో ఆ వరదకు ఎన్ని ఇళ్లలో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు పాడయ్యాయో మీ అత్తగారికి తెలియంది కాదు. "అల్లుడుగారి కారునే ముంచిన నీళ్లు, దాని ఛార్జర్‌ను వదిలేస్తాయా అత్తయ్యా" అని నెమ్మదిగా అంటే ఆవిడకూ అర్థమవుతుంది. రీకాల్‌లు, ఆంపియర్లు ఆవిడకు చెప్పక్కర్లేదు.

ఆయనతో మాట్లాడటం తప్పదు, ఎందుకంటే మీకు ఆయన సాయం కావాలి. స్టిక్కర్ మీద నంబరు చెరిగింది కాబట్టి బిల్లో, వారంటీ కార్డో, కంపెనీ యాప్‌లో నమోదో ఉంటేనే ఆ ఛార్జర్ ఏదో తేలుతుంది. కొన్నది ఆయన, మెసేజ్ వచ్చింది ఆయన నంబరుకు. నిజానికి ఎక్కడైనా రీకాల్‌లు విఫలమయ్యేది ఇలాగే. వస్తువు చేతులు మారుతుంది, కబురు పాత యజమాని ఫోన్‌లో ఉండిపోతుంది. మీ విషయంలో ఆయన కనీసం ఫార్వర్డ్ చేశారు. అక్కడి నుంచే మొదలుపెట్టండి: "అన్నయ్యగారూ, ఆ మెసేజ్ పంపి మంచి పని చేశారు. మార్పించుకోవాలంటే పాత బిల్లు అడుగుతున్నారు. ఒకసారి వెతికి ఫొటో పెడతారా?" ఇందులో నొచ్చుకోవడానికి ఏమీ లేదు. ఈ ఫోన్ మీరు చేయవచ్చు, మీవారు చేయవచ్చు. మీరు చేస్తే పని త్వరగా అవుతుంది, కానీ "నన్ను దాటి మా బావగారికి ఫోన్ చేస్తావా" అని ఇంకో తగువు మొదలు కావచ్చు. మీవారు చేస్తే రెండు రోజులు ఆలస్యమైనా ఆయన కూడా ఈ పనిలో చేయి కలిపినట్టవుతుంది. ఎంసీబీ ఎలాగూ దించేశారు కాబట్టి రెండు రోజులు ఆగగలరు. నేనైతే ఆయనకే వదులుతాను.

కంపెనీకి వరద సంగతి చెప్పాలా? ఇది మీరు అడగలేదు, కానీ రేపు టెక్నీషియన్ వచ్చినప్పుడు ఎదురవుతుంది. చెబితే, "మునిగిన వస్తువు మేం మార్చం" అనే అవకాశం ఉంది. చెప్పకపోతే మార్చి వెళ్లవచ్చు. లేదా మూత తీయగానే బురద కనిపించి మీ మాట మీద నమ్మకం పోవచ్చు. చెప్పడమే మంచిదని నా ఉద్దేశం. వారంటీ వేరు, రీకాల్ వేరు. వారంటీ అంటే ఇన్నాళ్లలో చెడిపోతే బాగుచేస్తామన్న మాట. రీకాల్ అంటే తయారీలోనే లోపం ఉందని కంపెనీ తానే ఒప్పుకోవడం. "వారంటీ అయిపోయింది", "మీరు మొదటి యజమాని కారు" అన్న జవాబులు రీకాల్‌కు సరిపోవు. అలా అంటే రాతపూర్వకంగా ఇమ్మని అడగండి.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, డబ్బు పెట్టి కొన్న మనిషి అనుమతితో ఆ వస్తువు వాడుకునేవాళ్లూ వినియోగదారులే. బహుమతిగా వచ్చినా మీకు అడిగే హక్కుంది. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తీసుకోవాలని ఆదేశించే అధికారం ఆ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. కంపెనీ తిప్పుతుంటే ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా పనులు అక్కడే తేలిపోతాయి. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువుకు పెట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు. రెండేళ్లలోపు వెళ్లాలి.

ఒక్కటి మాత్రం చేయకండి. బిగించిన ఎలక్ట్రీషియన్ "నేను విప్పి టెర్మినల్స్ టైట్ చేసేస్తానమ్మా" అంటాడు. మంచి మనసుతోనే అంటాడు. విప్పనివ్వకండి. లోపల ఏం చెడిందో చూసి చెప్పగల వాళ్లు విప్పాలి. పైగా మార్పులు చేసిన వస్తువు అనిపించుకుంటే రేపు నష్టపరిహారం అడిగే దారి సన్నబడుతుంది. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకండి, ఇంకొకరికి దానం చేయకండి.

కారు నడవాలి కదా అన్నది మీవారి అసలు బాధ. అది న్యాయమైన బాధ. మీరు ఆయన దగ్గరికి "ఆపేయండి" అన్న మాటతో కాకుండా లెక్కతో వెళ్లండి. రోజుకు ఎనభై కిలోమీటర్లంటే చిన్న కారుకు, ఛార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి, సుమారు 13 యూనిట్లు. కారుతో వచ్చిన పోర్టబుల్ ఛార్జర్ ఇంట్లో ఉందని రాశారు. దాన్ని 10 ఆంపియర్ల మీద పెడితే గంటకు 2.3 యూనిట్లు ఎక్కుతుంది. రాత్రి పదికి పెడితే తెల్లవారుజామున నాలుగుకల్లా ఆ రోజు తిరుగుడుకు సరిపోతుంది. అంటే 7.2 కిలోవాట్ల ఛార్జర్ మీ అవసరానికి మించింది. పైగా కరెంటు సగమైతే అతుకు దగ్గర వేడి సగం కాదు, పావు వంతే అవుతుంది.

కానీ ఆ పోర్టబుల్ ఛార్జర్‌ను ఇప్పుడున్న ఏదో ఒక సాకెట్లో గుచ్చితే కష్టం మళ్లీ మొదటికొస్తుంది. దానికి మీటరు దగ్గర నుంచి విడిగా లైను వేయించాలి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికే ఒక ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, మామూలు స్విచ్‌బోర్డు సాకెట్ బదులు గట్టి ఇండస్ట్రియల్ సాకెట్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టకూడదు, కారు ఛార్జింగ్‌కు దాన్ని వాడకూడదని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లోనే ఉంది. ఛార్జింగ్ స్టేషన్లలో సాకెట్ నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలని కూడా అవే నిబంధనలు చెబుతాయి. వరద చూసిన ఊరు కాబట్టి మీరు ఇంకాస్త ఎత్తులోనే పెట్టించుకోండి. ఎర్త్ టెస్ట్ చేయించి, రీడింగ్ మీ కళ్లతో చూడండి. ఎర్త్ సరిగ్గా లేక ఛార్జర్ ఎర్ర లైటు చూపిస్తే, కొందరు సాకెట్లో న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేసి "అయిపోయింది సార్" అంటారు. లైటు పచ్చగా మారుతుంది, కారు బాడీకి కరెంటు వచ్చే దారి కూడా తెరుచుకుంటుంది. ఆ మాట వినబడితే పని ఆపించేయండి. ఈ సాకెట్ వాచ్‌మన్ గది గోడకు మాత్రం వద్దు.

రెండో దారి, ఛార్జర్ మారేదాకా బయట ఛార్జింగ్. గుంటూరు హైవే మీద ఫాస్ట్ ఛార్జర్లు ఉన్నాయి. రెండు మూడు రోజులకోసారి తిరుగు ప్రయాణంలో ముక్కాలు గంట ఆగాలి. యూనిట్‌కు ఇంటి కరెంటు కన్నా బాగా ఎక్కువ పడుతుంది, సీజన్లో ఆ ముక్కాలు గంట ఆయనకు బరువు. కానీ ఇంట్లో ఏ పనీ పెట్టుకోకుండా రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. లైను పడేదాకా ఇది, పడ్డాక అది, అన్నట్టు రెండూ కలుపుకోవచ్చు. మూడో దారి, కొత్త గోడ ఛార్జర్ కొనేయడం. డబ్బుంటే ఇబ్బంది లేదు, కానీ కంపెనీ మార్చి ఇస్తే రెండవుతాయి. ఇంటి కనెక్షన్‌కు రాసిన లోడు చాలుతుందో లేదో కూడా కరెంటు సంస్థ సీపీడీసీఎల్ వాళ్లను అడిగి చూసుకోవాలి.

"ఆ పాతదాన్నే కరెంటు తగ్గించి వాడదాం" అని మీవారు నాలుగో దారి అడగవచ్చు. వేడి తగ్గుతుంది, నిజమే. కానీ కంపెనీ వాడవద్దని చెప్పాక, అది చదివాక, వాడటం అవుతుంది. తర్వాత ఏం జరిగినా బీమా సర్వేయరు మొదట అడిగేది ఆ మెసేజ్ ఎప్పుడు వచ్చిందనే. బాధ్యత నాదేనని అసోసియేషన్‌కు రాసిచ్చిన కాగితం మీద సంతకం మీవారిది.

అసోసియేషన్ సంగతికి వద్దాం. మీ ముందు రెండు దారులే ఉన్నట్టు రాశారు: చెప్పేయడం, దాచేయడం. ఇవాళే వాట్సాప్ గ్రూపులో పెట్టారనుకోండి. అరగంటలో ఇరవై ఫ్లాట్ల వాళ్లూ కంగారు పడతారు, అసలే అయిష్టంగా ఒప్పుకున్నవాళ్లు "మేం ముందే చెప్పాం" అంటారు, అనుమతి పోవచ్చు. మీవారు మీ మీద మరింత కోపం పెంచుకుంటారు. దాచి, నిశ్శబ్దంగా మార్పించేశారనుకోండి. గొడవ లేకుండా గడవవచ్చు. కానీ టెక్నీషియన్ వస్తాడు, డబ్బా విప్పుతాడు, వాచ్‌మన్ చూస్తాడు. ఏదో ఒక రోజు బయటపడితే, దాచారన్న మాట ముందు ఛార్జర్ సంగతి చిన్నదైపోతుంది. మీ తర్వాత ఎలక్ట్రిక్ కారు కొనబోయే ఫ్లాట్ వాళ్లకు కూడా తలుపు మూసేసినట్టే.

ఈ రెండింటి మధ్య ఇంకో పద్ధతి ఉంది. మీవారు ప్రెసిడెంటుగారి ఇంటికి వెళ్లి మెసేజ్ చూపించి, "ఇది వచ్చింది, ఛార్జర్ ఆపేశాం, ఇదిగో కంపెనీకి పెట్టిన ఫిర్యాదు నంబరు, మార్చేదాకా ఇలా నడుపుకుంటాం, మీటింగులో మీరే చెప్పండి" అనడం. మూసేసిన సమస్యను చూపిస్తున్నాం కాబట్టి వినేవాళ్లకు కంగారు తక్కువగా ఉంటుంది. ఇంత నిజాయితీగా చెప్పాక కూడా అనుమతి రద్దు చేయరని నేను హామీ ఇవ్వలేను. రద్దు చేస్తే కొన్నాళ్లు బయట ఛార్జింగే గతి. అయినా నాకు ఇదే నచ్చుతోంది, ఎందుకంటే సంతకం పెట్టిన మనిషే స్వయంగా వెళ్లి చెప్పినట్టు అవుతుంది. అందుకే మీరు వెళ్లవద్దు. ఆయన వెళ్లేదాకా కొంచెం ఓపిక పట్టండి. ఛార్జర్ మళ్లీ ఆన్ చేశారని తెలిస్తే మాత్రం ఆగకండి, మీరే వెళ్లి చెప్పండి. ఆ మాట ముందే ఆయనకు చెప్పి ఉంచండి.

ఆ రాత్రి మీరు ఎంసీబీ దించడం గురించి. భయంతో చేశారు, నేను తప్పు పట్టను. కానీ ఆయనకు పోయింది ఒక పూట వేలం ఒక్కటే కాదు. రైతులు, కొనేవాళ్లు ఎదురుచూస్తుండగా వెళ్లలేకపోయిన మనిషి యార్డులో తల దించుకోవలసి వచ్చింది. ఆ విషయానికి విడిగా, ఛార్జర్ మాట ఎత్తకుండా, "నీకు చెప్పకుండా చేశాను, అది తప్పే" అని ఒక్క వాక్యం అనండి. బదులుగా ఆయన మెసేజ్ దాచినందుకు క్షమాపణ అడగకండి, కనీసం ఆ రోజు వద్దు. ఆయన దాచింది లెక్కలేనితనంతో కాదని నాకనిపిస్తోంది. మీటింగులో అందరి ముందు వాదించి గెలిచిన వ్యవహారం, బావగారు ఇచ్చిన వస్తువు, కారు అప్పు, సీజను. ఒక్క మెసేజ్‌తో అవన్నీ కదిలిపోతాయని భయపడ్డారు. మీది వాచ్‌మన్ గది గోడ గురించిన భయం, ఆయనది ఈ భయం. ఇద్దరూ పది రోజులుగా ఒకరి భయం ఇంకొకరికి చెప్పుకోలేదు.

ఇక ఆ గోడ అవతలి కుటుంబం. అసోసియేషన్‌కు ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం, మీవారి ఇష్టం. వాళ్లకు మాత్రం ఇవాళే చెప్పండి. "చేపల వాసన కాదు తల్లీ, మా ఛార్జర్ వేడెక్కిన వాసన అయ్యుండొచ్చు. ఆపేశాం" అని. ఆమె ఇద్దరు పిల్లలతో ఆ గోడకు ఆనుకుని పడుకుంటోందని రాశారు. ఈ నాలుగైదు రోజులైనా మంచం అవతలి గోడకు జరుపుకోమనండి. మీటర్ల దగ్గరికి తీసుకెళ్లి మీ ఎంసీబీ ఏదో చూపించండి. దాని మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో "కారు" అని తెలుగులో రాయండి. పొగగాని మంటగాని కనిపిస్తే నీళ్లు చల్లకుండా, చేతికందితే అది దించి, పిల్లలతో బయటికొచ్చి 101కి ఫోన్ చేయమనండి.

రెండు మూడు రాత్రులయ్యాక, వాసన ఇంకా వస్తోందా అని ఆమెనే అడగండి. రావడం లేదంటే లోపం ఛార్జర్‌లోనో, దానికి వెళ్లే అతుకులోనో ఉన్నట్టు. ఎంసీబీ దించి ఉన్నా వస్తోందంటే అది ఛార్జర్‌ది కాదు, మీటరు బోర్డులోనో, ఆ గోడలోంచి పోయే ఇంకెవరి లైన్లోనో వేడెక్కుతోందన్న మాట. అప్పుడు మీవారు బయల్దేరి వెళ్లేదాకా కూడా ఆగకుండా ప్రెసిడెంటుగారిని లేపండి, 1912కి ఫోన్ చేసి కరెంటు వాళ్లను పిలిపించండి.